ముప్ఫై ఏడు కన్నాల నేల

ఆ ఏటి ఎండాకాలం చివర బెల్గాసెం చేతిలో ఉన్నవి ఇవీ: ఇరవై ఎనిమిది జాడీల ఆలివ్ నూనె, చూలుతో ఉన్న ఒక ఆడ ఒంటె, దిగుడులో కుంటే గాడిద ఒకటి, ఎగుడులో మొరాయించే గాడిద ఇంకొకటి, భార్య ఫజ్రా, ముగ్గురు ఆడపిల్లలు, అత్తగారు మసూదా. లేనిది ఒక్కటే, ఇల్లు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మత్మాతా కొండల్లో ఇల్లు కట్టరు, తవ్వుతారు. నేలలో మూడు నిలువుల లోతున గుండ్రంగా ఒక గొయ్యి తీస్తే అది వాకిలి. దాని గోడల్లోకి తొలిస్తే గదులు. కొండ పక్కనించి ఏటవాలుగా సొరంగం తీస్తే అది వీధి గుమ్మం. పైన నిప్పులు కురుస్తున్నా లోపల కుండలో నీళ్ళలా చల్లగా ఉంటుంది. బెల్గాసెం పెళ్ళయిన నాటినుంచీ మామగారు తవ్వించిన అలాంటి ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లరికమని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. "నేను కాదు, నా సరుకు ఇల్లరికం వచ్చింది. సరుకుకి కాపలాగా నేనొచ్చాను" అనేవాడు.

ఇప్పుడు మామగారు లేరు. ఇల్లు బావమరిది లామిన్‌ది. లామిన్‌కి పెళ్ళి కుదిరింది. అంజీర పళ్ళు ఎండబెట్టడం పూర్తయ్యాక వచ్చే మూడో శుక్రవారం ముహూర్తం. సరిగ్గా నలభై ఆరు రోజులు.

"బావా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ పెళ్ళికూతుర్ని నూనె జాడీల మధ్య పడుకోబెట్టమంటావా?" అన్నాడు లామిన్.

"జారిపోకుండా జాగ్రత్తగా పడుకుంటుంది" అన్నాడు బెల్గాసెం.

నవ్వడానికి నవ్వాడు గాని లోపల గుబులే. ఆ ఇరవై ఎనిమిది జాడీలు మూడేళ్ళ కూడిక. గాబెస్ సంతకి మోసిన గోరింటాకు, అక్కణ్ణుంచి మోసుకొచ్చిన చక్కెర, టీ, రేకు గిన్నెలు, అన్నీ కరిగి చివరికి ఆ జాడీల్లో నూనెగా నిలిచాయి. చలికాలం నడిమికి నూనె గిరాకీ ఎక్కుతుంది. అప్పటిదాకా నేల కింద చల్లగా ఉంచాలి. ఎండ తగిలితే నూనె కనరెక్కిపోతుంది. వాన తగిలితే జాడీ మూత కింద బూజు పడుతుంది. అంటే పెళ్ళినాటికి ఆ జాడీలు ఇంకో నేల కిందికి దిగి తీరాలి. దిగకపోతే మూడేళ్ళ బతుకు మళ్ళీ మొదటికి వస్తుంది.

నేలకోసం యహ్యా పెద్దయ్య దగ్గరికి వెళ్ళాడు. ఊరి చివర ఆయనకి రెండు నేల చెక్కలున్నాయి. ఒకటి కింద, దారి పక్కన, ఎండిపోయిన వాగు గట్టున. రెండోది దానికి ఎదురుగా పైన, కొండ వాలులో.

"నీ ఒంటె ఈనితే ఆ పిల్ల నాది. రెంటిలో నీకు నచ్చింది తీసుకో" అన్నాడు యహ్యా, టీ గ్లాసు ఊదుకుంటూ.

"రెంటికీ ఒకే బేరమా?"

"నాకు రెండూ ఒకటే నాయనా. నేను రెంటిలోనూ తవ్వను. నన్ను తవ్వి పెట్టే చోటు వేరే ఉంది."

వ్యాపారస్తుడికి రెండు సరుకులు ఒకే ధరకి చూపిస్తే వాడు రాత్రంతా నిద్రపోడు, ఏది మేలో తేల్చుకునేదాకా. బెల్గాసెం మర్నాడు పొద్దున్నే రెండు చెక్కలూ అడుగడుగునా నడిచి చూశాడు.

పైన చెక్క చూడగానే మొహం చిట్లించాడు. వాలు ఎండకి ఎదురుగా ఉంది. నేల గట్టిగా, పెచ్చు కట్టినట్టుంది. అక్కడక్కడా అడవి వాము పొదలు, హల్ఫా గడ్డి దుబ్బులు. ఆ దుబ్బుల మొదట్లో కన్నాలు. ఒక్కొక్కటీ బొటనవేలు పట్టేంత వెడల్పు. లోపల గోడకి సన్నటి పట్టు మెత్తినట్టు మెరుస్తోంది. మూతి చుట్టూ గడ్డిపరకలూ చిన్న రాళ్ళూ పట్టుదారంతో కుట్టి కట్టిన బుల్లి గట్టు, బావికి కట్టిన గట్టులాగా. నేల సాలీడు ఇళ్ళు. ఆ కొండల్లో పుట్టినవాడికి ఎవరికైనా తెలుసు. వల కట్టదు, గూడు అల్లదు. నేలలో నిలువుగా బావి తవ్వుకుని మూతి దగ్గర కూర్చుంటుంది. దారిన పోయే మిడతని అందుకుని లోపలికి దిగుతుంది.

బెల్గాసెం వాటిని లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు తేలాయి.

కింది చెక్కకి వెళ్ళాడు. నేల చదునుగా, దుమ్ముదుమ్ముగా, పిడికిట పడితే పిండిలా జారిపోయేట్టుంది. ఒక్క కన్నం లేదు. దారి పదడుగుల్లో ఉంది. గాబెస్ వెళ్ళే ప్రతి గాడిదా, ప్రతి ఒంటే గుమ్మం ముందు నించే పోవాలి.

యహ్యాతో అన్నాడు, "పెద్దయ్యా, పైదాన్ని నేల అంటారా, జల్లెడ అంటారా? ముప్ఫై ఏడు కన్నాలు. చినిగిన గోనెలో ఎవడైనా గోధుమలు పోస్తాడా? వాన పడితే నీళ్ళన్నీ నా నెత్తినే."

"జల్లెడైతే పిండి జల్లించుకో. పిల్ల ఒంటె మాత్రం మగదైనా ఆడదైనా నాదే."

"కిందిది తీసుకుంటా."

"బిస్మిల్లా" అన్నాడు యహ్యా. బేరం అయిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బార్లీ రొట్టె నూనెలో అద్దుకుంటూ బెల్గాసెం ఈ సంగతి గర్వంగా చెప్పాడు. అత్తగారు మసూదా పళ్ళు లేని నోట్లో అంజీర పండు నానబెట్టుకుంటూ వింది. ఆమెకి ఆరు మేకలు. నలభై ఏళ్ళుగా ఆ వాలులోనే మేపుతోంది.

"అల్లుడా, నువ్వు గాబెస్ వెళ్తుంటావు కదా. అక్కడ రెండు సత్రాలున్నాయనుకో. ఒకదాంట్లో ముప్ఫై ఏడుమంది దిగి ఉన్నారు. రెండోదాంట్లో ఈగ కూడా లేదు. నువ్వు దేంట్లో దిగుతావు?"

"ఖాళీగా ఉన్నదాంట్లో. అడిగినంతకి ఇస్తాడు."

"అందుకే ఊరినించి వచ్చినప్పుడల్లా నీ ఒంటినిండా నల్లులు."

పిల్లలు పడి పడి నవ్వారు. ఫజ్రా కొంగు అడ్డం పెట్టుకుంది. మసూదా నవ్వలేదు.

"నేను మేకలు కాసేటప్పటినించీ చూస్తున్నా. ఆ కింది నేలలో ఒక్కనాడూ సాలీడు కాపురం పెట్టలేదు. నేలలో బతికేదానికి నేల సంగతి తెలీదా?"

"అత్తా, సాలీడుకి సరుకు లేదు, దుకాణం లేదు. దానికి దారి పక్కన ఉండాల్సిన పనేముంది? నాకుంది."

"సరుకు లేదన్నావా?" అంది ముసలమ్మ. "సరే."

ఆ 'సరే' అన్న తీరు ఫజ్రాకి నచ్చలేదు. "ఏమయ్యా, అమ్మ సరే అన్నప్పుడే భయపడాలి" అంది తరవాత. బెల్గాసెం వినిపించుకోలేదు.

తవ్వడానికి పక్క లోయనించి సాసీని పిలిచాడు. అరవై దాటిన మనిషి. చేతులు పలుగు కర్రల్లా ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో సగం అతను తవ్వినవే. కూలి బేరం నూనెతోనే. వాకిలీ ఒక గదీ తీస్తే ఒకటి, మొత్తం పూర్తయితే ఇంకొకటి, మొత్తం రెండు జాడీలు.

సాసీ కింది చెక్క మధ్య నిలబడి కాలితో నేల తట్టాడు. "ఇక్కడా?" అన్నాడు.

"ఇక్కడే. ఎన్ని రోజులు పడుతుంది బాబాయ్?"

"మెత్తటి నేల. ఇరవై ఐదు రోజులు చాలు."

"అయితే కానీ."

పెళ్ళికి నలభై మూడు రోజులుండగా పలుగు దిగింది. నేల వెన్నలా తెగింది. రోజుకి అరవై గంపల మట్టి పైకొచ్చేది. బెల్గాసెం ఆ గంపలు లెక్కపెడుతూ గట్టు మీద కూర్చునేవాడు. అయిదో రోజుకి నిలువున్నర లోతు, సొరంగం సగం. పదకొండో రోజుకి వాకిలి గోడలో మొదటి గది నోరు తెరుచుకుంది. నలభై మూడులో పదకొండు పోతే ముప్ఫై రెండు. తీరుబడిగా సున్నం కూడా వేయించుకోవచ్చు. వాడి మనసు ఆ వేళ పండగ చేసుకుంది.

ఆ సాయంత్రమే మసూదా మూతపెట్టిన మట్టి మూకుడు ఒకటి పట్టుకుని సొరంగంలోంచి దిగి వచ్చింది.

"ఏంటత్తా, సాసీ బాబాయికి భోజనమా?"

"నీకు అద్దెకొచ్చిన మనిషి. మొదటి బేరం, కాదనకు."

మూత తీసింది. లోపల సాలీడు. చిక్కటి బూడిదరంగు, కాళ్ళమీద నల్లటి పట్టీలు, చిన్న రాగి నాణెమంత ఒళ్ళు. పైన వాలులో కన్నంలోకి హల్ఫా పరక దూర్చి తిప్పితే కోపంతో పట్టుకుని బయటికి వచ్చిందట. చిన్నప్పటినించీ వచ్చిన విద్య. అయితే బెల్గాసెం కళ్ళు సాలీడు మీద ఆగలేదు. దాని వెనక కట్టుకుని ఉన్న తెల్లటి మూట మీద ఆగాయి. బఠాణీ గింజ కంటే పెద్దది. పట్టుతో నేసి, కుట్టి, ఒంటికి ముడేసుకుంది.

"గుడ్ల మూట" అంది మసూదా. "అందులో వందకి పైనే పిల్లలుంటాయి. సరుకు లేదన్నావుగా. ఇదే సరుకు. ఆవిడకి ఉన్నదంతా ఇదే. ఎండ ఉన్నంతసేపూ గుమ్మంలో నిలబడి మూటని ఎండకి తిప్పి తిప్పి కాస్తుంది. నీలాగే, అల్లుడా. నువ్వు జాడీల చుట్టూ తిరగవూ?"

"సరే, వదులు చూద్దాం."

"ఈవిడ ఈ నేల తవ్వుకుని కాపురం పెడితే నేనిక నోరెత్తను. ఖురాను మీద ఒట్టు."

ఆ మాట విని బెల్గాసెంకి ఆశ పుట్టింది. అత్తగారు నోరెత్తకుండా ఉండటమంటే ఒంటె పిల్లంత విలువైన సరుకు. సాసీ కూడా పలుగు ఆనించి కూర్చున్నాడు.

మూకుడు వంచితే సాలీడు దిగింది. కాసేపు కదల్లేదు. తరవాత గోడవారగా వాకిలి చుట్టూ నడిచింది, ముందు కాళ్ళతో తడుముతూ, బజారులో బట్ట నేత చూసే మనిషిలాగా. ఒకచోట ఆగింది. మట్టి తోడింది. ఇంత ఉండ నోటితో పట్టుకొచ్చి పక్కన పడేసింది, మళ్ళీ ఇంకొకటి.

"తవ్వుతోంది! చూశావా అత్తా?"

"బేరం అయ్యేదాకా చేతులు కొట్టకూడదని నువ్వే అంటావుగా."

అయిదారు ఉండలు తీసి సాలీడు ఆగింది. గోతిలోంచి వెనక్కి వచ్చింది. ఇంకోచోట గీకింది. అక్కడా ఆగింది. మూట ఒకసారి సర్దుకుని సొరంగం వైపు తిరిగింది. ఇక వెనక్కి చూడలేదు. వచ్చిన దారినే బయటికి నడిచింది.

మసూదా మూకుడు బోర్లించి దుమ్ము దులిపింది. అది మాటకంటే గట్టిగా తగిలింది.

బెల్గాసెం సాలీడు వదిలేసిన గోతి దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. వేలు పెట్టి చూశాడు. పైన పిండిలాంటి మట్టి. దాని కింద గోరుకి తగిలినవి రాళ్ళు. రెండు పైకి తీశాడు. గుండ్రంగా, నున్నగా, పావురం గుడ్లలా ఉన్నాయి. కొండ రాయి అలా ఉండదు. నీళ్ళు దొర్లించిన రాయి అలా ఉంటుంది.

"బాబాయ్, ఇవేంటి?"

"గులకరాళ్ళు. నాలుగో రోజు నించీ తగుల్తున్నాయి" అన్నాడు సాసీ.

"చెప్పలేదేం?"

"నేను ఈ లోయవాణ్ణి కాదు, ఈ వాగు నడక నాకు తెలీదు. ఇక్కడా అని అడిగాను. ఇక్కడే అన్నావు. నువ్వు అడిగింది ఎన్ని రోజులని. ఏం తగిలిందని ఒక్కనాడైనా అడిగావా?"

గంపలు లెక్కపెట్టాడు, గంపలో ఏముందో చూడలేదు. బెల్గాసెం చెవులు వేడెక్కాయి. అయినా వ్యాపారస్తుడు ఒక్క సాక్షితో బేరం వదులుకోడు. సాలీడు ఏ నేల ఎంచుకుంటుందో కూడా చూడాలి కదా. గబగబా సొరంగంలోంచి పైకెక్కాడు.

సాలీడు దారి దాటుతోంది. పొద్దు వాలుతోంది. దాన్ని తొక్కకుండా, కంటికి దూరం కానీయకుండా ఉండాలంటే వంగక తప్పలేదు. దారి దాటేసరికి నడుం నొప్పి పుట్టి చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించాడు. అలా నలుగురు చూసే వేళ, ఊళ్ళో పేరున్న నూనె వ్యాపారి నాలుగుకాళ్ళ మీద కొండెక్కుతున్నాడు. యహ్యా గాడిద మీద ఇంటికి పోతూ ఆగాడు.

"ఏం పోగొట్టుకున్నావు నాయనా?"

"ఏమీ లేదు పెద్దయ్యా."

"మరి ఏం వెతుకుతున్నావు?"

"ఇల్లు."

"మంచిది. దొరికితే నీ ఒంటెకి చెప్పు" అని యహ్యా గాడిదని అదిలించాడు. ఆ మాట ఆయన ఇంటికి చేరేలోపే ఊరంతా చేరింది.

సాలీడు పైన వాలులో వాము పొద మొదట్లో ఆగింది. మళ్ళీ తడుముడు, మళ్ళీ మట్టి ఉండ. వెలుతురు తగ్గేదాకా బెల్గాసెం అక్కడే కూర్చున్నాడు. అది ఆగలేదు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే అక్కడ కొత్త కన్నం, చుట్టూ నాలుగు పరకల గట్టు. గుమ్మంలో సాలీడు తలకిందులుగా దిగి, తెల్లటి మూటని ఎండకి ఎత్తి పట్టుకుని ఉంది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది.

బెల్గాసెం కూర్చుని లెక్క వేసుకున్నాడు. పోయినవి పదకొండు రోజులు, ఒక జాడీ కూలి. ఇవాళ పోగా మిగిలినవి ముప్ఫై ఒక్క రోజులు. ఎనిమిదేళ్ళుగా సరైన వాన లేదు, వాగు రాలేదు. ఈ ఏడూ రాకపోవచ్చు. కిందే ఉండిపోతే పోయేదేమీ కనబడదు. కానీ ఎనిమిది కాళ్ళు తప్ప మరేమీ లేని ఆ జీవి, తన సరుకుని ఒక్క రాత్రి కూడా ఆ నేలలో పెట్టలేదు. దాని తూకం ముందు ఎనిమిదేళ్ళ ఎండ తేలిపోయింది.

సాసీని పైకి పిలిచాడు. ఈసారి ముందే అడిగాడు, "బాబాయ్, ఈ నేల ఎలాంటిది?"

సాసీ పలుగు ఎత్తి కొట్టాడు. అది చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి ఎగిరింది. ముసలాయన మొహం వెలిగింది. "ఇదీ నేలంటే! తవ్వేవాణ్ణి చంపుతుంది, ఉండేవాణ్ణి బతికిస్తుంది. మూడు జాడీలు."

"రెండు."

"ముందు తవ్విందానికి ఒకటి, దీనికి మూడు. లేదంటే నీ సాలీడుని తవ్వమను."

మూడుకే ఒప్పుకున్నాడు.

ఊరు ఊరుకోలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, సగం ఇల్లు వదిలేసి రాతినేల మీదికి పోయినవాణ్ణి చూసి జనం పని మానుకుని మరీ ఎగతాళి చేశారు. మసీదు అరుగు మీద ఒకడు, "బెల్గాసెం, ఈసారి పెళ్ళి సంబంధం చూడాలంటే చీమనడగాలా, తేలునడగాలా?" అన్నాడు. లామిన్ అయితే పొద్దున లేవగానే, "బావా, ఇవాళ సాలీడుగారి ఉత్తరువేంటి?" అనేవాడు.

"మీ అక్కని నీ నెత్తిన వదిలేసి పొమ్మంది" అనేవాడు బెల్గాసెం.

నేల మొండికేసింది. రోజుకి అరవై గంపలు పోయి పదిహేను అయ్యాయి. ఒక్క కన్నం కూడా పాడుకాకుండా సొరంగం పక్కకి తిప్పి తియ్యాలని మసూదా పట్టుబట్టింది. "అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయిస్తావా?" అంది. దానికి రెండు రోజులు ఎక్కువ పట్టింది. శుక్రవారం తెల్లారేసరికి సొరంగం, సగం వాకిలి, ఒకే ఒక గది తయారయ్యాయి. సున్నం లేదు, తలుపు లేదు.

అదే పెళ్ళిరోజు. మధ్యాహ్నానికి లామిన్ గది ఖాళీ కావాలి. పెళ్ళికూతుర్ని తేవడానికి ఒంటె కావాలి. అంటే సాసీ కూలి నాలుగు పోగా మిగిలిన ఇరవై నాలుగు జాడీలూ మోయడానికి ఉన్నవి రెండు గాడిదలు. దిగుడులో కుంటేది నాలుగు జాడీలు మోసి కొండ కిందికి రానని పైనే పడుకుంది. ఇక ఎగుడులో మొరాయించేది. అది కింది గొయ్యి దాకా చక్కగా వచ్చింది. అక్కడ ఆగింది. తోశారు, లాగారు, తోక మెలేశారు. ఊహూఁ.

"బావా, ఎందుకీ తిప్పలు?" అన్నాడు లామిన్, కొత్త జుబ్బాకి దుమ్ము అంటకుండా దూరంగా నిలబడి. "కింది గోతిలో గది ఉందిగా. రెండు రోజులు అక్కడే పెట్టు. పెళ్ళి అయ్యాక నేనే మోసి పెడతా. ఆకాశంలో మబ్బు ముక్కైనా ఉందా?"

మబ్బు ముక్క ఉంది గాని దక్షిణాన, చాలా దూరంలో, చేతిరుమాలంత. బెల్గాసెం తల కింది గోతి వైపు తిరిగింది. పదడుగుల దూరం. మిగిలిన ఇరవై జాడీలు గంటలో దిగిపోతాయి. గాడిదమీంచి మొదటి జాడీ దించి, భుజానికెత్తుకుని సొరంగం మూతి దాకా వెళ్ళాడు కూడా.

అక్కడ ఆగిపోయాడు. ఆ సాలీడు ఒక్క రాత్రి కూడా పెట్టలేదు కదా అనుకున్నాడు.

వెనక్కి వచ్చి జాడీని మళ్ళీ గాడిదకి కట్టాడు. "అత్తా! నీ మేకల్ని తోలుకురా!"

మసూదాకి విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆరు మేకల్నీ గాడిద ముందు పెట్టి వాలెక్కించింది. ఆ గాడిదకి మనుషులంటే మొండితనం గాని మేకలంటే అభిమానం. మేకల వెనకే తల ఊపుకుంటూ కొండెక్కింది. అయిదు తడవలు ఎక్కింది, అయిదు తడవలు దిగింది. ఫజ్రా, పెద్దపిల్ల పైన జాడీలు అందుకున్నారు. మూడో తడవలో ఒక జాడీ జారి రాయికి తగిలి పగిలింది. నూనె వాలంతా పాకింది. బెల్గాసెం దాన్ని చూశాడు గాని ఆగలేదు. సాయంత్రం నమాజు పిలుపు వినబడే వేళకి చివరి జాడీ గదిలోకి చేరింది.

అప్పటికి చేతిరుమాలు దుప్పటంత అయింది.

డప్పులు మోగుతున్నాయి. పెళ్ళికూతురు ఒంటె మీద పందిరిలో కూర్చుని ఊరి మొదట్లోకి వచ్చింది. మొదటి చినుకు సన్నాయి వాడి బుగ్గ మీద పడింది. రెండో చినుకు ఎవరి మీద పడిందో తెలీదు, ఎందుకంటే మూడోది పడేసరికి కడవలతో గుమ్మరించినట్టే ఉంది. ఎనిమిదేళ్ళ బాకీ ఒక్కసారి తీర్చినట్టు కురిసింది. ఆడవాళ్ళు భయపడాల్సింది పోయి గొంతెత్తి ఉల్లాసంగా కూతలు వేశారు. ముసలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని వానలో నిలబడ్డారు. ఒంటె మాత్రం ఎటు పోవాలో తెలిసినట్టు సరాసరి బెల్గాసెం కొత్త ఇంటి వాలెక్కేసింది, పెళ్ళికూతురితో సహా. దాని వెనక పెళ్ళివారంతా పరిగెత్తారు.

అక్కణ్ణుంచే అందరూ చూశారు. ముందు చప్పుడు, కొండలో రాళ్ళబండి దొర్లినట్టు. తరవాత వాగు. ఎర్రగా, నురగగా, కొమ్మలూ రెమ్మలూ నెత్తిన పెట్టుకుని వచ్చింది. గట్టు ఎక్కింది. కింది గొయ్యి సొరంగంలోకి తలవంచి దూరింది. చూస్తుండగానే వాకిలి నిండింది. పదకొండు రోజుల గొయ్యి, కన్ను మూసి తెరిచేలోపు అంచుల దాకా నిండి అద్దంలా నిలిచింది.

లామిన్ మొహం పాలిపోయింది. "బావా! నీ జాడీలు!"

"నీ పెళ్ళికూతురు వాటికి ఆనుకునే కూర్చుంది, చూసుకో" అన్నాడు బెల్గాసెం.

ఉన్న ఒక్క గదిలో పెళ్ళికూతురు, ముప్ఫైమంది ఆడవాళ్ళు, ఇరవై మూడు జాడీలు. మగవాళ్ళు సొరంగంలో బారులు తీరి కూర్చున్నారు. కొండ వాలున పడిన నీరు వచ్చినంత వేగంగా జారిపోయింది. గదిలోకి చుక్క రాలేదు. ముప్ఫై ఎనిమిది కన్నాలేమయ్యాయని ఎవరో అడిగారు. వాన తెరిపి ఇచ్చాక మసూదా వెళ్ళి చూసింది. గట్లు నాలుగైదు చెదిరాయి. మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి. పెళ్ళి విందు కుస్‌కుస్ పళ్ళాలు పైకి తెప్పించారు. పెళ్ళి అక్కడే అయింది. నేల మీద ఒలికిన జాడీ నూనె మీద ఎవరూ కాలు జారకుండా సాసీ మట్టి చల్లాడు. ఇంటి గుమ్మంలో నూనె ఒలికితే బరకతు, ఇంటికి కలిసొస్తుంది అని యహ్యా అన్నాడు. అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. వినడానికి బావుందని ఊరుకున్నారు.

తరవాత సంగతి. కింది గోతిలో నీళ్ళు శీతాకాలమంతా నిలిచాయి. గాబెస్ దారిన పోయే గాడిదలూ ఒంటెలూ అక్కడ ఆగక తప్పింది కాదు. ఆగిన మనిషి ఊరుకోడు, అటూ ఇటూ చూస్తాడు. చూస్తే పైన వాలులో ఒక గుమ్మం, గుమ్మంలో టీ గిన్నె, పక్కన నూనె, చక్కెర, గోరింటాకు. దారి పక్కన దుకాణం కావాలనే కదా బెల్గాసెం కింది నేల కోరుకున్నాడు. దుకాణం దారి పక్కకి రాలేదు గాని, దారే దుకాణం దగ్గరికి ఎక్కడం నేర్చుకుంది. మరుసటి వేసవిలో నీళ్ళు ఇంకకుండా గోతికి సాసీ సున్నం పూశాడు. ఆ పనికి మాత్రం జాడీ అడగలేదు. "నాలుగో రోజునే చెప్పాల్సింది" అన్నాడు.

పెళ్ళయిన కొన్నాళ్ళ నించే పొద్దున పూట ఎండ వాలు మీద పడేసరికి మసూదా వాలులోకి తెరుచుకునే తన గది గుమ్మంలో, సూర్యుడి వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆ గది తనకే కావాలని పట్టుబట్టి తీసుకుంది. మూడడుగుల దూరంలో వాము పొద మొదట్లో ముప్ఫై ఎనిమిదో సాలీడు. మూట చిట్లింది. గింజంత పిల్లలు వందకి పైనే తల్లి వీపు మీద పొరలు పొరలుగా ఎక్కి కూర్చున్నాయి, సంతకి పోయే బండి మీద జనంలాగా.

"చూడు, ఇంతమందిని మోస్తూ ఒక్క మాట కూడా అనదు ఆవిడ" అన్నాడు బెల్గాసెం.

"ఆవిడకి అల్లుడు లేడుగా" అంది మసూదా.

ఇక చివరి లెక్క. ఇరవై ఎనిమిది జాడీల్లో సాసీకి పోయినవి నాలుగు, పగిలింది ఒకటి, లామిన్ పెళ్ళికి చదివించింది ఒకటి, మిగిలినవి ఇరవై రెండు. ఒంటె పిల్ల యహ్యాది, ఆడపిల్లే, ఆయన దానికి ఫజ్రా అని పేరు పెట్టాడు, అసలు ఫజ్రా ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు. ఇల్లు ఒకటి, మూడు గదులు. నీళ్ళ గొయ్యి ఒకటి. అద్దె ఇవ్వనివాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది, ఆ వసంతంలో లెక్కపెడితే అరవై ఒక్కరు. అత్తగారు నోరెత్తకపోవడం అన్న సరుకు మాత్రం దక్కలేదు. అది దక్కకపోవడం కూడా లాభాల్లోనే వేసుకున్నాడు బెల్గాసెం.